ఎక్స్‌రే కంటే ముందు కాళ్ళు చూడు

చి. సింధుకు,


ఒంగోలు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది తల్లీ. ఈపాటికి నీకు అర్థమయ్యే ఉంటుంది, నీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోకాళ్ళ నొప్పుల వాళ్ళే. చేతిలో ఎక్స్‌రే కవరు, నోట్లో ఒకటే మాట: "గుజ్జు అరిగిపోయిందంటమ్మా." మన దగ్గరా ఒక జిరాక్స్ కాగితం సిద్ధంగా ఉంటుంది, దాని మీద నాలుగైదు వ్యాయామాల బొమ్మలు. వచ్చినవాళ్ళకల్లా ఆ కాగితం చేతిలో పెట్టి పంపడం అలవాటైపోతుంది. ఆ అలవాటు నీకు పడకముందే ఈ ఉత్తరం చేరాలని రాస్తున్నాను.

రోగం పేరు ఒక్కటే అయినా కాళ్ళు ఒక్క తీరున ఉండవు. ఒకరివి దొడ్డికాళ్ళు, ఒకరివి మోకాళ్ళు రెండూ రాసుకునే కాళ్ళు, ఒకరివి చక్కగా తిన్నని కాళ్ళు. ముగ్గురికీ ఎక్స్‌రే రిపోర్టులో ఆస్టియో ఆర్థ్రైటిస్ మూడో గ్రేడు అనే ఉంటుంది. ఒక కాలు బయటికి వంగి, రెండోది లోపలికి వంగినవాళ్ళూ వస్తారు. అలాంటి మనిషిలో నువ్వు చూడాల్సింది రెండు వేర్వేరు మోకాళ్ళని.

అందుకని ముందు మనిషిని నిలబెట్టు. చెప్పులు విప్పించు. ఆడవాళ్ళయితే తెర వేసి, చీర మోకాళ్ళ పైదాకా ఎత్తి పట్టుకోమని నెమ్మదిగా అడుగు. మొహమాటపడతారు, తొందరపెట్టకు. చీలమండలు రెండూ ఆనించి నిలబడమను. మోకాళ్ళ మధ్య ఎన్ని వేళ్ళు దూరుతున్నాయో చూసి రాసుకో. మోకాళ్ళు ముందే ఆనుకుని చీలమండలు కలవడం లేదంటే వంపు రెండో వైపుదన్నమాట, అప్పుడు చీలమండల మధ్య దూరం టేపుతో కొలువు. కొలిచేముందు మోకాలి చిప్పలు రెండూ నేరుగా ముందుకు చూస్తున్నాయో లేదో గమనించు. కాలు పక్కకి తిరిగి ఉన్నా, మోకాలు పూర్తిగా చాచలేకపోయినా, లేని వంపు ఉన్నట్టు కనిపిస్తుంది.

తర్వాత వరండాలో నడిపించు, ఎదురుగా నిలబడి చూడు. పాదం నేలకు ఆని బరువు పడే ఆ క్షణంలో మోకాలు చటుక్కున బయటికి జారుతుందా? దాన్నే వేరస్ థ్రస్ట్ అంటారు. రెప్పపాటులో అయిపోతుంది. పడుకోబెట్టి పరీక్ష చేసినప్పుడు బయటపడదు, ఎక్స్‌రేలో అసలే రాదు. నిలబడ్డప్పుడు కనిపించే వంపు కంటే ఇది ఇంకా జాగ్రత్తపడాల్సిన సంగతి.

వంపుకి ఇంత పట్టింపు ఎందుకంటావా? తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకి ఒక గీత గీశామనుకో, మామూలు మనిషిలో అది మోకాలి మధ్య నుంచో, అక్కడికి కాస్త లోపలగానో పోతుంది. మామూలు కాళ్ళవాళ్ళకి నడిచేటప్పుడు మోకాలి లోపలి సగం మీదే ఎక్కువ బరువు పడుతుంది. దొడ్డికాళ్ళలో ఆ గీత ఇంకా లోపలికి జరుగుతుంది. లోపలి సగం అరిగేకొద్దీ కాలు ఇంకాస్త వంగుతుంది, వంగేకొద్దీ అక్కడే ఇంకాస్త బరువు పడుతుంది. ఒక పక్క అరిగిన చెప్పు ఆ పక్కే అరుగుతూ పోయినట్టు. షికాగోలో లీనా శర్మ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, దొడ్డికాళ్ళవాళ్ళకి 18 నెలల్లో లోపలి వైపు అరుగుదల ముదిరే అవకాశం సుమారు నాలుగు రెట్లు, మోకాళ్ళు రాసుకునే వంపు ఉన్నవాళ్ళకి బయటి వైపు ముదిరే అవకాశం దాదాపు ఐదు రెట్లు అని తేలింది. వంపు ఎటో తెలిస్తే మోకాలు ఎటు అరగబోతోందో చాలావరకు తెలిసినట్టే.

అలాగని ప్రతి వంపూ అరుగుదల వల్ల వచ్చిందే అనుకోకు. బెల్జియంలో బెలెమాన్స్ అనే సర్జన్, ఆయన తోటివాళ్ళు 20 నుంచి 27 ఏళ్ళ మధ్య ఏ నొప్పీ లేని 250 మందికి నిలువు కాలి ఎక్స్‌రేలు తీసి 2012లో ఫలితం చెప్పారు. మగవాళ్ళలో 32 శాతం, ఆడవాళ్ళలో 17 శాతం మందికి 3 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ దొడ్డి వంపు ఉంది. వాళ్ళ కాళ్ళు ఎదిగిన తీరే అది. కాబట్టి "మీ కాళ్ళు చిన్నప్పుడూ ఇలాగే ఉండేవా? మీ అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ళకీ ఇలాగే ఉంటాయా? ఏ వయసు నుంచి వంపు ఎక్కువైంది?" అని అడుగు. నొప్పి లేని కాలిని నొప్పి ఉన్న కాలితో పోల్చు. ముప్పై ఏళ్ళుగా ఉన్న వంపు వేరు, రెండేళ్ళలో పెరిగిన వంపు వేరు.

నువ్వున్న చోట మరో ప్రశ్న తప్పకుండా అడగాలి: "చిన్నతనంలో ఏ ఊళ్ళో పెరిగారు? ఏ నీళ్ళు తాగేవారు?" కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చేవాళ్ళని మరీ మరీ అడుగు. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు) 1937లో మొదట వైద్య పత్రికకెక్కింది ఆ ప్రాంతం నుంచే, అప్పట్లో అది నెల్లూరు జిల్లా. నల్గొండ పల్లెల్లో ఎదిగే పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. బావి నీళ్ళలో ఫ్లోరైడుకు తోడు జొన్నల్లో మాలిబ్డినం పెరగడం, ఒంట్లో రాగి తగ్గడం కూడా కారణం కావచ్చని ఆ సంస్థవాళ్ళు అనుమానించారు. అప్పుడు పదిహేనేళ్ళ పిల్లలకి ఇప్పుడు అరవై దాటాయి. సరిగ్గా మోకాళ్ళు అరిగే వయసు. వాళ్ళ కాళ్ళ వంపు అరుగుదల కంటే యాభై ఏళ్ళు పెద్దది కావచ్చు. అలాంటివాళ్ళ మెడ, నడుము ఎంత తిరుగుతున్నాయో చూడకుండా కీళ్ళు గట్టిగా సాగదీయకు. ఫ్లోరోసిస్‌లో లిగమెంట్లు ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము మీద ఒత్తిడీ ఉండొచ్చు. కాళ్ళలో తిమ్మిరి, పట్టు తప్పడం ఉందంటే ముందు డాక్టరుకి చూపించు.

మోకాళ్ళు రాసుకునే కాళ్ళతో వచ్చినవాళ్ళకి పొద్దున లేవగానే చేతివేళ్ళు కూడా చాలాసేపు బిగుసుకుంటున్నాయంటే రుమటాయిడ్ సంగతి గుర్తు రావాలి. ఎప్పుడో ఎముక విరిగితే నాటు కట్టు కట్టించుకుని వంకరగా అతుక్కున్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళ వంపు మోకాల్లో ఉండదు, తొడ ఎముకలోనో, మోకాలి కింది ఎముకలోనో ఉంటుంది.

ఎక్స్‌రే సంగతికొస్తే, చాలా చోట్ల ఇంకా పడుకోబెట్టే తీస్తున్నారు. బరువు పడని కీలులో గ్యాప్ ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. నిలబడి తీసింది కావాలని అడుగు. వంపు లెక్క తేలాలంటే తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఫిల్ములో రావాలి. అందరికీ అక్కర్లేదు, ఖర్చు కూడా. ఆపరేషన్ మాట వచ్చినవాళ్ళకీ, వంపు త్వరగా పెరుగుతున్నవాళ్ళకీ తీయిస్తే చాలు. ఈ వంపుల్ని ఆస్ట్రేలియా సర్జన్ మెక్‌డెస్సీ, ఆయన సహచరులు 2021లో తొమ్మిది రకాలుగా విడగొట్టారు. వాళ్ళు లెక్కగట్టిన మోకాళ్ళలో దాదాపు తిన్నగా ఉండే రెండో రకం ఎక్కువ. మన దేశంలో అరిగిన మోకాళ్ళ మీద చేసిన పరిశీలనల్లో, హైదరాబాదులో చేసిన దానితో సహా, దొడ్డి వంపు ఉండే మొదటి రకమే ఎక్కువ కనిపించింది. విదేశీ పుస్తకాల్లోని సగటు మనిషి నీ బల్ల మీద పడుకున్న మనిషి కాకపోవచ్చు.

ఇక నీ చేతిలో ఉన్న వైద్యం. తొడ ముందు కండరం బలపరచడం అందరికీ రాస్తాం. 2008లో ప్రచురించిన మెల్‌బోర్న్ అధ్యయనంలో వంపుని బట్టి రోగుల్ని విడదీసి మరీ ఆ వ్యాయామం చేయించి చూశారు. కాళ్ళు కాస్త తిన్నగా ఉన్నవాళ్ళకి నొప్పి బాగా తగ్గింది, దొడ్డి వంపు ఎక్కువున్నవాళ్ళకి అంత తగ్గలేదు, మోకాలి మీద పడే పక్క ఒత్తిడి ఎవరిలోనూ మారలేదు. అందుకని వ్యాయామం మానిపించమని కాదు, కండరం బలం ఎవరికైనా అవసరమే. కానీ బాగా వంగిన కాలున్న మనిషికి "మూడు నెలల్లో తగ్గిపోతుంది" అని మాటివ్వకు. ఆ మాట నమ్మి ఓపిగ్గా చేసి, తగ్గకపోతే తనదే లోపమనుకుని నడక కూడా మానేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

వాళ్ళకి తుంటి పక్క కండరాలు, ఒంటికాలి మీద నిలకడ, మెట్లు దిగే తీరు నేర్పు. చేతికర్ర ఇప్పించు. నొప్పి ఉన్న వైపు చేత్తోనే పట్టుకుంటారు అందరూ. ఎదుటి వైపు చేతికి మార్చి, కర్రా నొప్పికాలూ ఒకేసారి పడేలా వరండాలో నడిపించి చూపించు. మోకాలి మీద బరువు తగ్గుతుంది, ఆ తేడా వాళ్ళకే తెలుస్తుంది. కర్ర పట్టుకుంటే ముసలితనం బయటపడుతుందని వద్దంటారు. కొడుకునో కోడలినో కూర్చోబెట్టుకుని చెప్పు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల బరువు తగ్గుతుంది. ఈ లెక్క చెప్పితే చాలామంది వింటారు. చెప్పుల్లో పెట్టుకునే ఏటవాలు సోల్ కొనమని మాత్రం చెప్పకు. 2011లో ప్రచురించిన ఏడాదిపాటి పరీక్షలో మామూలు చదును సోల్ కంటే అది నొప్పి ఎక్కువగా తగ్గించలేదు.

ఆపరేషన్ గురించి నిన్నే ముందు అడుగుతారు, డాక్టరు దగ్గర నోరు తెరవని వాళ్ళు కూడా. వయసు తక్కువుండి, లోపలి సగం మాత్రమే అరిగి, దొడ్డి వంపు ఉన్నవాళ్ళకి మోకాలి కింది ఎముక కోసి వంపు సరిచేసే పద్ధతి ఉందని చెప్పు. కీలు మార్పిడి దాకా ఆగనక్కర్లేనివాళ్ళు ఆ సంగతి తెలియకే ఆలస్యం చేస్తారు. కీలు మార్చినవాళ్ళు "కాలు ఇంకా కొంచెం వంపుగానే ఉందే" అని దిగులుపడితే, అది తప్పు ఆపరేషన్ అని నువ్వు అనేయకు. అందరి కాళ్ళూ ఒకే గీతకి తేవాలని పాతకాలం సర్జన్లు అనుకునేవారు. మేయో క్లినిక్‌వాళ్ళు 2010లో చెప్పిన లెక్కలో, ఆ గీతకి మూడు డిగ్రీల లోపు నిలిచిన కీళ్ళు 15 ఏళ్ళ తర్వాత మిగతావాటికంటే ఎక్కువ మన్నలేదు. మనిషి సొంత వంపు కొంత ఉంచాలా వద్దా అన్నది సర్జన్లింకా వాదించుకుంటున్న విషయం.

ఒక్క మాట. రోగుల ఎదుట "కాళ్ళు వంకర పోయాయి" అని అనకు. బాగా వంగిన కాళ్ళతో హాయిగా తిరిగేవాళ్ళున్నారు, తిన్నని కాళ్ళతో నొప్పికి ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. వంపు ఎంతుందో మనకి తెలియాలి, వాళ్ళు దానికి భయపడకూడదు.

రేపటి నుంచి ప్రతి కేసు షీటులో మోకాళ్ళ మధ్య ఎడం, చీలమండల మధ్య ఎడం, నడకలో ఏ కాలికైనా జారుడు ఉందా లేదా, ఈ మూడూ రాసి తేదీ వెయ్యి. ఆరు నెలలకి ఆ మనిషి తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ కొలిచి, పక్కనే రాయి. తేడా వస్తే వెంటనే ఆర్థోపెడిక్ డాక్టరుకి ఆ షీటు తీసుకెళ్ళి చూపించు.

ఇట్లు,
మీ మామయ్య