ఎంబీబీఎస్ సీటు తప్పిందా? బయోకెమిస్ట్రీ వైపు చూడండి

నీట్ ర్యాంకు చూసుకున్నాక ఒంగోలు బైపీసీ పిల్లల్లో చాలామంది లాంగ్‌టర్మ్ కోచింగ్ వెతుకుతారు. ఆ ఫీజు కట్టే ముందు, కణంలో చక్కెర, కొవ్వుల లెక్కలు చూసే బయోకెమిస్ట్రీని ఒకసారి పరిశీలించండి.

సబ్జెక్టులో ఏముంది?

అన్నం తినగానే ఇన్సులిన్ విడుదలవుతుంది. దాని సంకేతం పీఐ3 కైనేజ్ మీదుగా సాగి, కండర కణంలో ఏకేటీ ఎంజైమ్‌కు ఫాస్ఫేట్ తగులుకుంటుంది. గ్లూట్-4 వాహకాలు కణం పైపొరకు చేరి చక్కెరను లోపలికి తీసుకుంటాయి. ఉపవాసంలో గ్లూకగాన్ కాలేయంలోని పీకేఏ ఎంజైమ్‌ను పనిలోకి దించుతుంది. అక్కడ దాచిన గ్లైకోజెన్ విరిగి చక్కెర రక్తంలోకి వస్తుంది. కొవ్వు మాత్రం కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి టిక్కీల్లాంటిది, అవసరం పడితేనే బయటికొస్తుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ తగ్గి, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరిగితే, ఏఎంపీకే ఎంజైమ్ కొవ్వు తయారీని ఆపి ఉన్నదాన్ని ఖర్చు పెట్టిస్తుంది. ఆ ఏటీపీని 1929లో వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఫాస్ఫేట్‌ను తగిలించి, తీసేసి ఎంజైమ్‌లను నడిపే ఈ పద్ధతిని కనిపెట్టినందుకు శాస్త్రవేత్తలు ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది.

దారి ఏది?

బయోకెమిస్ట్రీ మేజర్‌గా డిగ్రీ చేసి, ఏపీ పీజీసెట్ లేదా ఐఐటీ జామ్ బయోటెక్నాలజీ పేపరుతో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. మందుల తయారీ మీద మనసుంటే ఈఏపీసెట్‌తో బీఫార్మసీ. ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కావాలంటే మాత్రం డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ చదవాలి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు. పరిశోధనకు, ఉద్యోగాలకు హైదరాబాద్‌లో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, జీనోమ్ వ్యాలీ కంపెనీలు ఉన్నాయి.

ఎలా చదవాలి?

జీవక్రియ మార్గాల చార్టులు బట్టీ పడితే డిగ్రీ పరీక్ష గట్టెక్కుతుంది, నెట్ గట్టెక్కదు. 200 మార్కుల్లో 100 మార్కుల పార్ట్-సిలో ప్రశ్న ఇలా ఉంటుంది: కణాలకు ఇన్సులిన్ ఇచ్చారు, ముందే పీఐ3 కైనేజ్‌ను అడ్డుకున్నారు, ప్రొటీన్లను చూపే వెస్టర్న్ బ్లాట్‌లో ఫాస్ఫో-ఏకేటీ (ఫాస్ఫేట్ తగిలిన ఏకేటీ) బ్యాండ్ ఏమవుతుంది? సంకేతం ఎక్కడ తెగిందో తెలిసినవాడికి బ్యాండ్ మసకబారుతుందని వెంటనే తడుతుంది. కాబట్టి ప్రతి ఎంజైమ్ దగ్గరా ఆగి, దాన్ని ఆన్ చేసేదెవరు, ఆఫ్ చేసేదెవరు అని రాసుకోండి.

చేతిపని

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే చెయ్యి మాట్లాడుతుంది. రక్తంలో షుగర్ పరీక్షలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ రియేజెంట్ కలిపాక ట్యూబు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగును కలరీమీటర్‌లో 505 నానోమీటర్ల దగ్గర చదువుతారు. పిపెట్‌లో చిన్న గాలి బుడగ చిక్కినా విలువ తప్పుతుంది. ప్రాక్టికల్స్‌లో వెనక నిలబడి రికార్డు కాపీ కొట్టకండి, పిపెట్ మీరే పట్టండి. డిగ్రీలో ఉండగానే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి. ఒక్క వేసవి పరిశోధన ల్యాబులో గడిపితే ఈ రంగం మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది.