శ్వాసకోశ వ్యాధి తగ్గినపిమ్మట ఈత: పంచాయతీ సభ్యులు తెలియదగిన విషయములు

ఈత దేహమునకు మేలైన వ్యాయామము. మన గ్రామములలో బాలురు నడుమునకు బెండ్లు కట్టుకొని వ్యవసాయపు బావులలో ఈత నేర్చుకొనుట తరతరములుగా వచ్చుచున్నది. వేసవి రాగానే న్యుమోనియానుండియో, క్షయనుండియో, కోవిడ్‌నుండియో కోలుకొనుచున్న యువకుడు కూడ, జ్వరము తగ్గినదిగదా యని బావిలో దూకుట కలదు. జ్వరము తగ్గుట వేరు, ఊపిరితిత్తులు పూర్వబలమును పొందుట వేరు. ఈ భేదము తెలియనిచో ప్రాణమునకే ముప్పు. అట్టివాడు ఎప్పుడు నీట దిగవలెను, ఏ నీట దిగవలెను అను రెండు ప్రశ్నలను ఇచట విచారింతము. మొదటిది వైద్యుడు తేల్చవలసినది. రెండవది చాలవరకు పంచాయతీ తేల్చవలసినది.

నీటిలో శ్వాస ఏల బరువగును?

మెడవరకు మునిగినవాని ఛాతీని నీరు అన్నివైపులనుండి నొక్కును. కాళ్ళయందలి రక్తము కొంత ఛాతీలోనికి చేరును. అందుచే ఊపిరితిత్తులు విప్పారుటకు చోటు తగ్గి, శ్వాసకు పడవలసిన శ్రమ సుమారు 60 శాతము పెరుగునని శరీరశాస్త్రజ్ఞులు కొలిచి చెప్పియున్నారు. చన్నీరు తగిలినంతనే దగ్గుతెర రావచ్చును. గట్టుమీద దగ్గు వచ్చినవాడు కూర్చుండి తేరుకొనును. లోతునీటిలో దగ్గు వచ్చినవాడు మునుగును.

ఎంతకాలము ఆగవలెను?

న్యుమోనియాలో చికిత్స మొదలిడిన 1 వారమునకు జ్వరము, 4 వారములకు ఛాతీనొప్పి, కఫము, 6 వారములకు దగ్గు, ఆయాసము సాధారణముగా తగ్గును. 3 నెలల తరువాతను నీరసము మిగిలియుండవచ్చును. పూర్తిగా కోలుకొనుటకు 6 నెలలు పట్టుటయు కలదు. క్షయకు సాధారణముగా 6 నెలల చికిత్స అవసరము. వైద్యుడు అనుమతించువరకు ఈత తలపెట్టరాదు. కోవిడ్ పిమ్మట ఛాతీనొప్పిగాని గుండెదడగాని యున్నచో గుండెపరీక్ష కూడ చేయించుకొనవలెను.

వైద్యుడు అనుమతించిన పిమ్మట పాటింపదగిన క్రమము ఇది:

1. మొదట సమతల నేలపై అరగంట నడవవలెను. మాటలాడుచు నడిచినను ఆయాసము రాకుండవలెను.
2. పిమ్మట నడుములోతు నీటిలో నిలిచి, 10 నిమిషములు నెమ్మదిగా శ్వాస తీయవలెను.
3. అది సుఖముగా సాగినచో, కాలు నేలకందు చోటనే కొలదిదూరము ఈది, విశ్రమింపవలెను. మరునాడు దగ్గు, అలసట హెచ్చనిచో కొంచెము పెంచవచ్చును.
4. ఊపిరి బిగపట్టి మునుగుట, పైనుండి దూకుట, ఒంటరిగా ఈదుట కూడదు.

ఛాతీనొప్పి, తలతిరుగుట, కఫములో రక్తము, పెదవులు నీలమగుట కనిపించినచో వెంటనే గట్టెక్కించి, 108కి ఫోను చేయవలెను. వ్యవసాయపు బావిలో మెట్టు దాటినంతనే లోతు. కనుక తిరిగి మొదలిడుటకు అది తగినచోటు కాదు.

ఏ నీట దిగవలెను?

పటాన్‌చెరు ప్రాంతమువారికి ఈ ప్రశ్న మరింత ముఖ్యము. 1970 దశకమునుండి ఇచట పరిశ్రమలు పెరిగినవి. వాని వ్యర్థజలములు నక్కవాగు మొదలగువానిలో చేరుటవలన రైతులు నష్టపడగా, 1990లో ఆ విషయము సుప్రీంకోర్టునకెక్కినది. ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిరి. 2009లో వెలువడిన మరియొక పరిశోధన, ఈ ప్రాంతపు చెరువులలోను, ఆరు గ్రామముల బావులలోను మందుల అవశేషములను చూపినది. మందులకు లొంగని సూక్ష్మజీవులు అట్టి నీటిలో వృద్ధిచెందును. కోలుకొనుచున్నవాని ఊపిరితిత్తులలోనికి ఆ నీరు పోయినచో, మరల వచ్చు వ్యాధికి మందు దొరకుట కష్టమగును. నాటి లెక్కలనుబట్టి నేటి నీటిని నిర్ణయింపరాదు, పరీక్షయే ప్రమాణము. తేటగా కనిపించుట శుద్ధికి గురుతు కాదు. మంజీర అభయారణ్యపు జలములందు మొసళ్ళు కలవు గనుక అచట ఎవరును దిగరాదు.

పంచాయతీ కర్తవ్యము

గ్రామమందలి చెరువులు, బావులు, కుంటల పట్టిక వ్రాసి, నీటిపరీక్షకు కాలుష్య నియంత్రణ మండలిని కోరుచు తీర్మానము చేయవలెను. ఫలితమును గ్రామసభలో చదివి, దిగరాని చోట్ల బోర్డు నాటింపవలెను. జనులు ఈదు బావివద్ద గట్టి మోకు, గాలినింపిన ట్యూబు ఉంచవలెను. మునుగువానికి మోకు విసరుట మేలు. ఈత రానివాడు వెంట దూకినచో రెండు ప్రాణములు పోవును. రెండు వారములు మించి దగ్గు కలవారిని ఆశా కార్యకర్తద్వారా ఉచిత కఫపరీక్షకు పంపవలెను. 2023లో ఆరంభమైన క్షయరహిత పంచాయతీ కార్యక్రమమునకును ఇది తోడ్పడును. చికిత్స పొందు క్షయరోగికి పోషణకై 2024 నవంబరునుండి నెలకు 1000 రూపాయల సహాయము ఏర్పడినది. అది అందుచున్నదో లేదో సభ్యులు విచారింపవలెను.

వ్యాధినుండి బయటపడిన బిడ్డను నీటికి అప్పగింపరాదు. వేసవి రాకముందే వచ్చు గ్రామసభలో ఈ విషయము చర్చకు రావలెను.