డెల్టా వరి ప్రాంతంలో కొవ్వు కాలేయం: కండరాలలో కలిగే మార్పులు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మాగాణులలో కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న వరి పైరులోనే మినుము విత్తనం చల్లడం పాత పద్ధతి. పల్లాకు తెగులు, బంగారుతీగ బెడదల వలన ఆ మినుము స్థానాన్ని చాలాచోట్ల దుక్కి లేని మొక్కజొన్న ఆక్రమించింది. నాట్లు, కోతలు, నూర్పిళ్ల శ్రమను యంత్రాలు తగ్గించాయి. కంచంలోని అన్నం రాశి మాత్రం ఆ మేరకు తగ్గలేదు. కొవ్వు కాలేయాన్ని మద్యం తాగేవారి జబ్బుగా మాత్రమే చూసే విస్తరణ సిబ్బంది ఈ మార్పును గమనించవలసి ఉన్నది.

కాలేయ కణాలలో 5 శాతానికి మించి కొవ్వు చేరితే దానిని కొవ్వు కాలేయంగా పరిగణిస్తారు. అయితే ఈ వ్యాధి కాలేయానికే పరిమితం కాదు. భోజనానంతరం రక్తంలోని గ్లూకోజ్‌ను గ్రహించి గ్లైకోజన్‌గా నిల్వ చేసే ప్రధాన స్థానాలలో కండరం ఒకటి. కండరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు ఆ పిండిపదార్థం కాలేయం వైపు మళ్లి కొవ్వుగా మారుతుంది. ఆ కొవ్వు ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వచ్చి, కండర పోగుల మధ్యనూ, పోగుల లోపలనూ చేరుతుంది. దానితో ఇన్సులిన్ పనితీరు మరింత తగ్గుతుంది. కాలువ పూడినకొద్దీ పై చేను మునిగినట్లే ఇదీను.

కండరంలో కొవ్వు ఉండడమే దోషం కాదు. దూరపు పరుగు సాధన చేసేవారి కండర పోగులలోనూ కొవ్వు బిందువులు అధికంగా ఉంటాయి. వారు దానిని ఇంధనంగా వాడుకుంటారు గనుక ఇన్సులిన్ చక్కగా పనిచేస్తుంది. నిల్వ కంటె వినియోగమే ముఖ్యం. కండరంలో చేరిన కొవ్వును తూకపు యంత్రం చూపలేదు, సి.టి. చిత్రంలో కండర సాంద్రత తగ్గడం ద్వారా అది తెలుస్తుంది. సన్నగా కనిపించే భారతీయులలోనూ కొవ్వు కాలేయం కనిపించడం గమనార్హం.

1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబా మసూరి, అనగా బి.పి.టి. 5204, ఈ ప్రాంతపు ఇష్టమైన బియ్యం. దాని నుంచి రూపొందిన మెరుగైన సాంబా మసూరి గ్లైసీమిక్ సూచిక సుమారు 51. ఇది ప్రయోజనకరమే, అయినను రెండు పళ్లేల అన్నానికి అది అనుమతిపత్రం కాదు. పాలిష్ బియ్యంలో మాంసకృత్తులు 100 గ్రాములకు 7-8 గ్రాములు కాగా, మినుములో సుమారు 24 గ్రాములు. 60 కిలోల బరువున్న వ్యక్తికి రోజుకు దాదాపు 50 గ్రాములు అవసరం. ఇంటి గాదెలో మినుము తగ్గడం ఈ కోణంలో కూడ నష్టమే.

అన్నం మాని పస్తులుండి బరువు తగ్గించుకొనేవారిలో కొవ్వుతోపాటు కండ కూడ కరుగుతుంది. అందుచేత విస్తరణ శిక్షణలలో అన్నం తగ్గించి పప్పు పెంచడాన్ని, కండకు పని కల్పించే వ్యాయామాన్ని కలిపి చెప్పవలెను. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తుల మోతాదును వైద్యుని అడిగి నిర్ణయించుకోవలెను.