కుట్టుమిషన్ ఇంట్లో పన్నెండేళ్ల కోపం

ప్రశ్న: కోల్‌కతా మెటియాబ్రుజ్‌లో దర్జీ కుటుంబం. పన్నెండేళ్ల అబ్బాయి బడి ఎగ్గొడుతున్నాడు, కొట్లాటలకు దిగుతున్నాడు. పేదరికమే కారణమా?

జవాబు: చాలావరకు అవును, కానీ అది పిల్లాడిని చేరేది పెద్దల మీదుగా. పండగల ముందు మెటియాబ్రుజ్‌లో రాత్రింబవళ్లు మిషన్లు ఆడతాయి. సీజన్ ముగిశాక చేతిలో పని తగ్గుతుంది. అప్పులు, చిరాకులు, అరుపులు మొదలవుతాయి. పిల్లాడి కోపం చాలాసార్లు అక్కడ నేర్చుకున్నదే.

అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇది అనుకోకుండా తేలింది. చెరోకీ తెగ ప్రాంతంలో 1990ల ద్వితీయార్ధంలో కాసినో తెరిచి, లాభాల్లో వాటా తెగవారికి పంచారు. 1993 నుంచే 1,420 మంది పిల్లలను గమనిస్తున్న పరిశోధకురాలు జేన్ కాస్టెల్లో బృందం 2003లో ఫలితాలు ప్రకటించింది. పేదరికం దాటిన ఇళ్లలో పిల్లల మొండితనం, దుడుకుతనం తగ్గాయి. దిగులు, ఆందోళన మాత్రం పెద్దగా మారలేదు. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకునే తీరిక దొరకడమే ఈ మార్పుకు ప్రధాన కారణంగా కనిపించింది.

మెటియాబ్రుజ్‌కు కాసినో అక్కర్లేదు లెండి, పిల్లాడిని కనిపెట్టుకోవడంతో మొదలుపెట్టవచ్చు.

అబ్బాయి మిషన్ దగ్గర ఎంతసేపు కూర్చుంటున్నాడో ముందు చూడాలి. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఇంటి వృత్తిలో సాయపడవచ్చు, అదీ బడి వేళలు అయ్యాక లేదా సెలవుల్లోనే. ఇంట్లో పెద్దలు కొడుతుంటే అది ఆపాలి. సాయంత్రాలు ఎవరితో తిరుగుతున్నాడో ఆరా తీయాలి. అయినా మారకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఖర్చేమీ లేదు.