చిన్న ట్రాక్టరుకు బ్యాక్‌హో: కొనుటకు ముందు చూడవలసిన లెక్కలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల రైతులకు మట్టి త్రవ్వు పని ఏదో ఒకటి తగులుచునే యుండును. టమోటా తోటకు డ్రిప్పు పైపులు పాతవలెను. మామిడి మొక్కలకు గుంటలు తీయవలెను. వాన నీరు నిలుపుటకు సేద్యపు కుంట త్రవ్వవలెను. పొలము కాలువలో పూడిక ఎత్తవలెను. ఎర్ర నేలలో పై మట్టి అడుగు లోతు దాటగానే గరుసు తగులును. కొన్ని చోట్ల బండయే అడ్డుపడును. కూలీలు చాలినంతమంది దొరకనప్పుడు, ఉన్న చిన్న ట్రాక్టరుకే వెనుక ఒక త్రవ్వుడు చేయి తగిలించుకొందమను ఆలోచన పలువురికి కలుగుచున్నది.

ఈ త్రవ్వుడు చేయినే బ్యాక్‌హో అందురు. మన పల్లెలలో దీనిని, ఆ పని చేయు పెద్ద యంత్రమును కూడ జేసీబీ అనియే పిలుతురు. అది ఒక ఇంగ్లండు కంపెనీ పేరు. ఆ కంపెనీ తన మొదటి బ్యాక్‌హోను 1953లో తయారుచేసినది. 1979 నుండి మన దేశములో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో యంత్రములు తయారగుచున్నవి. ఆ పెద్ద యంత్రము బరువు 7 టన్నులు దాటును. మన చిన్న ట్రాక్టరు బరువు ఒక టన్నుకు అటు ఇటుగా నుండును. రెండింటి చేయి ఒకే తీరుగా కనబడినను, వాని పని ఒకటి కాదు. ఈ భేదమును మరచి అప్పు చేసి కొన్నచో నష్టము తప్పదు.

1. ముందుగా పని లెక్క

కొనదలచిన రైతు మొదట తన పొలములో ఏడాదికి ఎన్ని ఘనపు మీటర్ల మట్టి త్రవ్వవలసియున్నదో కాగితము మీద వ్రాసికొనవలెను. పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో కొలిచి హెచ్చించిన చాలును.

డ్రిప్పు మెయిన్ పైపు కాలువ 100 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు అయినచో 18 ఘనపు మీటర్లు. మామిడిని 10 మీటర్ల ఎడముతో నాటినచో ఎకరమునకు 40 గుంటలు. గుంట అన్ని వైపుల మీటరు చొప్పున 40 ఘనపు మీటర్లు. పైన 10 మీటర్ల చదరము, అడుగున 5 మీటర్ల చదరము, రెండున్నర మీటర్ల లోతు గల చిన్న కుంట సుమారు 145 ఘనపు మీటర్లు.

ఇప్పుడు యంత్రపు పని చూతము. అడుగు వెడల్పు గల చిన్న బకెట్టులో సుమారు 0.03 ఘనపు మీటరు మట్టి పట్టును. త్రవ్విన మట్టి గుల్లయై పావు వంతు పెరుగును. కావున ఒక ఘనపు మీటరు నేలకు బకెట్టు 42 సార్లు నింపవలెను. తడవకు అర నిమిషము చొప్పున 21 నిమిషములు. ఆ లెక్కన పైపు కాలువకు సుమారు 6 గంటలు, ఎకరము మామిడి గుంటలకు 14 గంటలు, కుంటకు 50 గంటలు పట్టును. ఇది ఆగకుండ సాగు పని. ట్రాక్టరును జరుపుట, కాళ్ళు దించుట, రాయి తగిలి నిలుచుట వీనికి కాలము వేరు. పైగా చిన్న బ్యాక్‌హో ఆరేడు అడుగుల లోతుకు మించి సాధారణముగా అందదు. కనుక ఎనిమిదడుగుల కుంట దాని పని కాదు.

2. బాడుగతో పోల్చుట

ధరలు ఊరూరికి మారును. క్రింది అంకెలు లెక్క తీరు తెలియుటకు మాత్రమే అనుకొన్నవి. రైతు తన ఊరి ధరలు వేసికొనవలెను.

బ్యాక్‌హో ధర 3 లక్షల రూపాయలు, ఆయువు 10 సంవత్సరములు, చివరకు వచ్చు ధర 30 వేలు అనుకొందము. ఏటా తరుగుదల 27,000. సగటు పెట్టుబడి 1,65,000 మీద నూటికి 10 వంతున వడ్డీ 16,500. మరమ్మతులు 15,000. మొత్తము 58,500 రూపాయలు. ఏడాదికి 100 గంటలు మాత్రమే వాడినచో గంటకు 585 రూపాయలు. డీజిలు, డ్రైవరు కూలి 400 కలిపిన 985. గంటకు త్రవ్వునది 3 ఘనపు మీటర్ల లోపు. అనగా ఘనపు మీటరుకు సుమారు 345 రూపాయలు. 300 గంటలు వాడినను సుమారు 210కి దిగును; అంతకు మించి దిగుట కష్టము. ఎక్కువ వాడిన కొలది మరమ్మతులు పెరుగును గదా.

పెద్ద యంత్రము గంటకు 1,200 రూపాయల బాడుగ, 20 ఘనపు మీటర్ల పని అనుకొన్నచో ఘనపు మీటరుకు 60 రూపాయలే. దాని వెడల్పు బకెట్టు వలన పైపు కాలువకు రెండింతల మట్టి లేచినను, ఖర్చు తక్కువే యగును. కావున కుంటలు, పెద్ద కాలువలు, కొత్త తోట గుంటలు వంటి పనులకు పెద్ద యంత్రమును బాడుగకు తెచ్చుకొనుటయే లాభము. నలుగురు రైతులు ఒకే వారములో పని పెట్టుకొన్నచో యంత్రము వచ్చిపోవు ఖర్చు కూడ పంచుకొనవచ్చును.

అట్లయిన చిన్న బ్యాక్‌హో ఎవరికి? పెద్ద యంత్రము దూరలేని చోటు గలవారికి. ఎదిగిన మామిడి వరుసల నడుమ పైపు పగిలినప్పుడు, పందిరి కూరగాయల క్రింద కాలువ తీయవలసినప్పుడు, సన్నని గట్టు దారి తప్ప వేరు దారి లేనప్పుడు, నిలువు పంటను తొక్కించరాదు. అట్టి పనులు తరచుగా వచ్చువారు, లేక ఊరిలో అట్టి పనులకు బాడుగకు త్రిప్పగలవారు, లేదా నలుగురు కలిసి కొనగలవారు మాత్రమే దీనిని తలపెట్టవలెను. కేవలము కంచె రాళ్ళకు గుంటలు కావలసినవారికి పి.టి.ఓ.తో తిరుగు బర్మా చాలును. గరుసులో అది మొరాయించునేమో ముందుగా తిప్పి చూడవలెను.

3. ట్రాక్టరు ఓర్పు

కొనుటకు నిశ్చయించినవారు అన్నిటికంటె ముందు తగిలింపు విధము చూడవలెను. కొన్ని బ్యాక్‌హోలు నాగలి వలె మూడు లింకులకే తగిలించబడును. మరికొన్ని ట్రాక్టరు పొట్ట క్రింద ముందు నుండి వెనుక వరకు సాగు ఇనుప చట్రమునకు బిగించబడును. నాగలి లాగుట వేరు, గరుసును పెకలించుట వేరు. బకెట్టు పండ్లు రాతిలో చిక్కుకొన్నప్పుడు ఆ ఎదురు బలమంతయు ట్రాక్టరు వెనుక పెట్టె మీద పడును. మూడు లింకుల తగిలింపులో ఆ పెట్టె పగులు ప్రమాదము కలదు. పరికరము పైకి లేచి, నడుపువానిని సీటుకు అదిమివేయు ప్రమాదము కూడ కలదు. చట్రము ఆ బలమును ట్రాక్టరు పొడవునా పంచును. కనుక ధర ఎక్కువైనను చట్రము గలదానినే కోరవలెను. ఆ పరికరము తగిలించినను గ్యారంటీ చెల్లునని ట్రాక్టరు కంపెనీ నుండి వ్రాతమూలకముగా పొందవలెను.

రెండవది తూకము. ముందు చక్రముల మీద మొత్తము బరువులో అయిదవ వంతైన నిలువవలెను. 1,000 కిలోల ట్రాక్టరులో ముందు చక్రముల మీద 400 కిలోలు, చక్రముల ఎడము 1.5 మీటర్లు అనుకొందము. 400 కిలోల బ్యాక్‌హో బరువు కేంద్రము వెనుక ఇరుసుకు 0.8 మీటరు వెనుక నున్నచో, ముందు నుండి 213 కిలోలు లేచిపోవును. మిగులునది 187, కావలసినది 280. ముందు ఇరుసుకు అరమీటరు ముందుగా 80, 90 కిలోల దిమ్మలు బిగించిన గాని స్టీరింగు పట్టు దొరకదు.

మూడవది నూనె. పరికరము నిమిషమునకు ఎన్ని లీటర్ల నూనె, ఎంత ఒత్తిడి కోరునో, ట్రాక్టరు పంపు అంత ఇచ్చునో లేదో పోల్చవలెను. చాలనిచో పి.టి.ఓ.తో తిరుగు పంపు, సొంత నూనె తొట్టి గలదానిని తీసికొనవలెను.

4. కొనునప్పుడు పరీక్ష

షెడ్డులో చూచి డబ్బు కట్టరాదు. పరికరమును మీ పొలమునకే రప్పించి, వేసవిలో ఎండిన గరుసులో రెండు గంటలు త్రవ్వించవలెను. ప్రక్క కాళ్ళు ట్రాక్టరును కదలకుండ పట్టుచున్నవా? గొట్టముల వద్ద నూనె చెమర్చుచున్నదా? చేయి ఎత్తి ఆపినప్పుడు తానై దిగుచున్నదా? కీళ్ళ పిన్నులు, బుష్షులు, గొట్టములు, సిలిండరు సీళ్ళు మదనపల్లెలో గాని సమీపములో గాని దొరకునా? బకెట్టు పండ్లు విడిగా మార్చుటకు వీలున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు తెలిసిన పిమ్మటనే బయానా ఇవ్వవలెను.

5. ప్రాణ రక్షణ

త్రవ్వునప్పుడు చేయి తిరుగు మేర లోపల ఎవరును నిలువరాదు. బోరు మోటారు కేబులు, పాత పైపులు ఎక్కడున్నవో ముందుగా గుర్తించవలెను. కరెంటు తీగల క్రింద చేయి ఎత్తరాదు. ఏటవాలున ట్రాక్టరును అడ్డముగా నిలిపి త్రవ్వరాదు. ఛాతి లోతు కాలువలోనికి, ప్రక్కలు వాలుగా చెక్కనిదే, మనిషిని దించరాదు. తడిసిన ఎర్రమట్టి చెప్పకనే కూలును.

పని పట్టిక, ఖర్చు లెక్క, ట్రాక్టరు పుస్తకము, ఈ మూడును చేత నుంచుకొని అంగడికి వెళ్ళు రైతును ఎవరును మోసగించలేరు. లెక్క కుదరనిచో బాడుగ యంత్రము ఎప్పుడును కలదు. ఆ మూడు లక్షలు తోటకు, పాడికి ఉపయోగపడును.