బడిలో బిడ్డ ప్రగతిని కలిసి చూద్దాం

ఆటిజం ఉన్న బిడ్డను బడిలో చేర్చగానే మన పని తీరిపోదు. మా ఓపీకి వచ్చిన ఒక తల్లి, "టీచరుగారు మావాడు మెరుగయ్యాడంటున్నారు సిస్టర్, ఇంట్లో మాత్రం దాహమేస్తే ఏడుపే" అన్నది. విచారిస్తే, బడిలో మెరుగంటే అల్లరి లేకుండా మూలన కూర్చోవడమట! ఆ టీచరుగారినీ అనలేం, తరగతిలో 40 మంది పిల్లలు.

కాబట్టి మూడు నెలలకొకసారైనా తల్లిదండ్రులు, క్లాసు టీచరు, భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులు, వీలైతే స్పీచ్ థెరపిస్టు ఒకచోట కూర్చోవాలి. 'బాగా మాట్లాడాలి' అని రాసుకుంటే ఎవరూ లెక్కించలేరు. 'నీళ్ల బొమ్మ కార్డు చూపించి నీళ్లు అడగాలి' అని రాసుకోండి. అడిగిన ప్రతిసారీ బడిలో టీచరు, ఇంట్లో మీరు ఒక గీత పెట్టండి. రెండు వారాల తర్వాత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆటిజం ఉన్న పిల్లలు ఒకచోట నేర్చినది మరొకచోట చేయలేకపోవడం మామూలే. తేడా కనబడితే బిడ్డను కోప్పడకుండా నేర్పే పద్ధతి మార్చి చూడాలి.

ఇలా కూర్చుందామని అడగడానికి మొహమాటపడకండి. ప్రభుత్వ నిధులతో లేక గుర్తింపుతో నడిచే బడులు ఇటువంటి ప్రతి బిడ్డ ప్రగతినీ గమనించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

ఆ తల్లి తెచ్చిన నోటుపుస్తకంలో మొదటి వారం ఒక్క గీతా లేదు. తేదీలు మాత్రం ఏడూ వేసింది. మీరూ అలాగే వేయండి, గీత లేని రోజు కూడా టీచరుగారికి తెలియాలి.