భారమునకు తగిన అంగ

కావడి మోయువానిని గమనించినవారికి ఒక సంగతి తెలియును. కుండలు ఖాళీగా నున్నప్పుడు అతడు అంగలు చాచి నడచును. కుండలు నిండిన పిమ్మట అతని అడుగులు చిన్నవగును. అయినను వడివడిగా పడును. నిండు కావడితో పెద్ద అంగలు వేయబోయినచో మోకాళ్లు వణకును, ఆయాసము మిక్కుటమగును, గమ్యము చేరుట ఆలస్యమగును. అందుచే అతడు భారమును బట్టి అంగను కుదించుకొనును.

మోటారు పడవకును ఈ నియమమే వర్తించును. పడవ వెనుక నీటిలో మునిగి తిరుగుచుండు రెక్కల చక్రమును ప్రొపెల్లరు అందురు. పడవకు అదియే కాలు. ఆ కాలు ఎంత అంగ వేయవలెనో నిర్ణయించుట చిన్న పనివలె తోచును గాని, ఇంజను ఆయువును, ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములును దానిపై ఆధారపడియుండును.

ప్రొపెల్లరు వాడుకలోనికి వచ్చిన చరిత్రయందే ఒక గుణపాఠము కలదు. ఇంగ్లండు దేశమున హెండన్ అను చోట ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను రైతు ఉండెను. బాల్యము నుండియు అతనికి ఆటపడవలు చేయుటయందు మక్కువ. ఆ కాలమున పొగయోడలు ఇరుప్రక్కల గల పెద్ద తెడ్ల చక్రములచే నడచుచుండెను. వానికి బదులు నీటిలో తిరుగు మరచే ఓడను నడపవచ్చునని తలచి స్మిత్ 1836వ సంవత్సరమున తన పద్ధతికి పేటెంటు హక్కు పొందెను. పిదప ఒక చిన్న పడవకు కొయ్యతో చేసిన మరను అమర్చి కాలువలో నడపి చూచెను. ఆ మరకు రెండు పూర్తి చుట్లు ఉండెను. 1837వ సంవత్సరమున ఒకనాడు నీటిలో ఏదో తగిలి ఆ మరలో సగము విరిగిపోయెను. ఇక పడవ నిలిచిపోవునని ఎవరికైనను తోచును. కాని అది మునుపటికంటె వేగముగా సాగెను! పొడవైన మర నీటితో ఒరసికొని బలమును వృథాచేయుచుండెనని స్మిత్ గ్రహించెను. అటుపిమ్మట అతడు ఒకే చుట్టు గల మరను వాడెను. మర పెద్దదైనంత మాత్రమున మేలు కలుగదనియు, నీటిలో పరీక్షించి చూచినగాని నిజము తెలియదనియు ఆనాడే తేలినది.

1845వ సంవత్సరమున బ్రిటిషు నౌకాదళము వారు ప్రొపెల్లరు గల రాట్లర్ అను ఓడను, తెడ్ల చక్రములు గల అలెక్టో అను ఓడను వెనుకవైపుల త్రాటితో కట్టి ఎదురెదురు దిక్కులకు నడిపించిరి. రాట్లర్ అలెక్టోను వెనుకకు ఈడ్చుకొనిపోయెను. క్రమముగా తెడ్ల చక్రములు మూలబడినవి. తరువాత చిన్న పడవలకును ప్రొపెల్లరు వచ్చినది. నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్, పడవ వెనుక బలకకు తగిలించి, పనియైన పిమ్మట ఊడదీయదగిన మోటారును 1909వ సంవత్సరము నుండి విక్రయించెను. ఇట్టి దానిని ఔట్‌బోర్డు మోటారు అందురు. నేడు ఆంధ్ర తీరమున పెక్కుమంది జాలరులు ఇట్టి మోటార్లతోనే వేటకు పోవుచున్నారు.

ఇక అంగ యన నేమో తెలిసికొనవలెను. మరమేకును కొయ్యలో ఒక పూర్తి చుట్టు త్రిప్పినచో అది కొంత దూరము లోనికి దిగును. ఈ దూరమును భౌతికశాస్త్రమున మరభ్రమణాంతరమందురు. ప్రొపెల్లరు నీటియందు జారక ఒక చుట్టులో ఎంత ముందునకు సాగవలెనో ఆ దూరమే దాని మరభ్రమణాంతరము. పడవలవారు దీనినే పిచ్ అని పిలుతురు. ప్రొపెల్లరుపై 13 × 15 అని చెక్కియున్నచో, మొదటి సంఖ్య రెక్కల కొనలు గీయు వృత్తము యొక్క వ్యాసమును, రెండవది పిచ్‌ను అంగుళములలో తెలుపును.

ఒక మోటారు నిమిషమునకు 5,500 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. మోటారు రెండు చుట్లు తిరిగినప్పుడు ప్రొపెల్లరు ఒక చుట్టు తిరుగునట్లు గేరు అమర్చియున్నచో, ప్రొపెల్లరు నిమిషమునకు 2,750 చుట్లు తిరుగును. పిచ్ 15 అంగుళములైనచో నిమిషమునకు 41,250 అంగుళములు, అనగా సుమారు 1,048 మీటర్లు పోవలెను. ఇది గంటకు సుమారు 63 కిలోమీటర్లు. కాని నీరు కొయ్య వలె గట్టిది కాదు. రెక్కలు నీటిని వెనుకకు నెట్టుట వలననే పడవ ముందునకు పోవును. అట్లు నెట్టునప్పుడు కొంత జారుడు తప్పదు. ఆ పడవ నిజముగా గంటకు 53 కిలోమీటర్లు పోయినచో, తక్కిన 10 కిలోమీటర్లు జారుడులో పోయినవని గ్రహింపవలెను.

ఈ లెక్కను చూచి, పిచ్ హెచ్చైనకొలది వేగము హెచ్చునని తొందరపడి భావింపరాదు. ప్రతి మోటారునకును, పూర్తి బలముతో నడచునప్పుడు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగవలెనో దానిని చేసినవారు నిర్ణయించి పుస్తకమున ముద్రింతురు. పిచ్ మితిమీరినచో మోటారు ఆ చుట్లను అందుకొనలేక మూల్గుచు నడచును. లోపల వేడిమియు ఒత్తిడియు పెరుగును, మసి పట్టును, యంత్రభాగములు త్వరగా చెడును. పిచ్ మరీ తక్కువైనచో మోటారు హద్దు మీరి గిరగిర తిరుగును. చమురు ఖర్చగును గాని దూరము సాగదు, అరుగుదలయు హెచ్చగును. కనుక సరియైన పిచ్‌ను కనుగొనుటకు మార్గమొక్కటే: పడవపై నిత్యము ఉండు బరువును ఉంచి, మోటారును పూర్తిగా నడపి, చుట్లను లెక్కించు టాకోమీటరును చూడవలెను. పిచ్‌ను ఒక అంగుళము తగ్గించినచో చుట్లు సుమారు 150 నుండి 200 వరకు పెరుగును; ఒక అంగుళము హెచ్చించినచో అంతే తగ్గును.

దీని ప్రయోజనము వరదలలో స్పష్టమగును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ నగరమున పలు పేటలు నీట మునిగినప్పుడు, జాతీయ విపత్తు స్పందన దళము వారు పడవలపై పోయి ప్రజలను గట్టునకు చేర్చిరి. ఇట్టి పనికై ఒక ఊరివారు మోటారు పడవను సిద్ధపరచుకొనిరని ఊహింపవచ్చును. దాని మోటారు 5,000 నుండి 6,000 చుట్ల నడుమ తిరుగవలెను. 17 అంగుళముల పిచ్‌తో ఇద్దరు మనుష్యులు ఎక్కి పరీక్షించిరి. చుట్లు 5,700. పడవ బాణము వలె పోయెను. అందరును సంతోషించిరి. కాని వరదలో పడవ ఇద్దరితో రాదు. ఎనిమిదిమందిని ఎక్కించి చూడగా చుట్లు 4,600కు పడిపోయినవి. ముక్కు పైకి లేచి, పడవ ఏటికెదురుగా సాగలేక తడబడెను.

అప్పుడు తెలియనివాడు ఇంకను పెద్ద పిచ్ గల ప్రొపెల్లరును కోరును. తెలిసినవాడు మొదట పడవ అడుగున నాచు పట్టినదేమో, రెక్కల అంచులు వంగినవేమో, మోటారు మరీ పైకి ఉండి రెక్కలు గాలిని పీల్చుచున్నవేమో పరిశీలించును. అవి అన్నియు సరిగా నున్నచో 13 అంగుళముల పిచ్‌ను ఎన్నుకొనును. నాలుగు అంగుళములు తగ్గుటచే చుట్లు 600 నుండి 800 వరకు పెరిగి, ఎనిమిదిమందితో 5,200 నుండి 5,400 వరకు చేరును. పడవ నిండు బరువుతో ఏటికెదురుగా సాగును. కాని తిరిగి ఇద్దరే పోవునప్పుడు, మోటారును పూర్తిగా వదలినచో చుట్లు 6,000 దాటును. కావున ఖాళీ పడవను నడపువాడు వేగపు పిడిని పూర్తిగా త్రిప్పరాదు. ఒక మేలు కోరినప్పుడు మరియొక దానిని కొంత విడువవలసియుండును. వేగమే ముఖ్యమైన పనికి 17, జనమును మోయు పనికి 13 తగినవి. రెంటిని దగ్గర నుంచుకొని, మోటారును ఆపి, తాళము తీసివేసిన పిమ్మట, గట్టుననే మార్చుకొనువారు కూడ కలరు.

ఖాళీ పడవతో చేసిన పరీక్ష చూచువారి మెప్పును పొందును. కాని గట్టుపై నిలిచి పడవకై ఎదురుచూచు తల్లికి కావలసినది ఆ మెప్పు కాదు. తన బిడ్డలతో సహా ఎక్కినను ముందునకు సాగగల పడవ ఆమెకు కావలయును. కావున ఏ సాధనమునైనను, అది నిజముగా చేయవలసిన పనిలో, అది మోయవలసిన భారముతోడనే పరీక్షింపవలెను.

ప్రశ్నలు

1. స్మిత్ పడవ మర విరిగినప్పుడు వేగము ఏల హెచ్చెను?
2. మరభ్రమణాంతరమనగా నేమి? నీటియందు జారుడు ఏల కలుగును?
3. ప్రొపెల్లరు నిమిషమునకు 2,500 చుట్లు తిరుగుచు, పిచ్ 12 అంగుళములైనచో, జారుడు లేకున్న పడవ నిమిషమునకు ఎన్ని అడుగులు పోవును?
4. పడవ ఖాళీగా నున్నప్పుడు చేసిన పరీక్ష ఏల చాలదు?